ప్లగ్గు దగ్గర తేలే లెక్క

జూన్ సగం దాటిందంటే నా ఫోన్‌కి తీరిక ఉండదు. మా దక్షిణ ఒడిశాలో రాయగడలోనో, గుణుపురంలోనో, పర్లాకిమిడిలోనో, బరంపురంలోనో చుట్టాల పిల్లలెవరికో కాలేజీలో సీటు వచ్చి ఉంటుంది. లాప్‌టాప్ కొనాలి. కంప్యూటర్ గురించి నాలుగు ముక్కలు తెలిసినవాడు చుట్టాల్లో ఒకడుంటే అందరికీ వాడే దిక్కు. ఈసారి ఫోన్ చేసింది మా చెల్లెలి కొడుకు. గుణుపురంలో కంప్యూటర్ సైన్స్, హాస్టల్లో ఉంటాడు. మా బావ 60 వేలు పక్కన పెట్టాడు. షాపులో చూపించింది మాత్రం 78 వేల గేమింగ్ లాప్‌టాప్.

"ఏటి మావయ్యా, పెద్దది కొనేస్తే చిన్న పనులూ అయిపోతాయి, పెద్ద పనులూ అయిపోతాయి కదా?"

అవుతాయి. సంతలో రెండు కేజీల వంకాయలు తేవడానికి లారీ వేసుకెళ్లినా వంకాయలు వస్తాయి. డీజిలు, పార్కింగు, మలుపుల దగ్గర పడే పాట్లు ఎవరివన్నదే ప్రశ్న. గేమింగ్ లాప్‌టాప్ విషయంలో ఆ డీజిలు ఏమిటో షాపులో ఎవరూ చెప్పరు. డబ్బాపైన రాసేవి ర్యామ్, ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు పేరు. అసలు చూడాల్సింది వాట్లు.

కంప్యూటర్ ఎంత జోరుగా పనిచేస్తే అంత కరెంటు తాగుతుంది, తాగినదంతా చివరికి వేడిగా బయటికొస్తుంది. తేలిక లాప్‌టాపులకీ గేమింగ్ లాప్‌టాపులకీ ఉన్న తేడాలన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘యు’ ఉంటే సుమారు 15 వాట్ల మీద నడిచేలా చేసినది. ‘హెచ్’ ఉంటే 45, ‘హెచ్ఎక్స్’ ఉంటే 55. పని పడినప్పుడు కాసేపు దీనికి రెండు మూడింతలు కూడా లాగుతాయి. గేమింగ్ లాప్‌టాప్‌లో దీనికి తోడు విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4050 లాప్‌టాప్ కార్డు ఒక్కటే మోడల్‌ని బట్టి 35 నుంచి 115 వాట్ల దాకా తీసుకుంటుంది. రెండూ కలిసి 150 వాట్ల వేడి పుట్టిస్తుంటే ఆ వేడిని బయటికి తోలడానికి రాగి గొట్టాలు కావాలి, రెండు ఫ్యాన్లు కావాలి, మందమైన బాడీ కావాలి. అందుకే రెండుంపావు, రెండున్నర కిలోలు తూగుతుంది. అడాప్టర్ ఇటుకంత ఉంటుంది. దాని బరువు ఇంకో అరకిలో పైనే.

ఇక్కడ ఒక చిత్రమైన గోడ అడ్డమొస్తుంది, అది కంప్యూటర్లకు సంబంధించింది కూడా కాదు. 100 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ఎయిర్‌లైన్ అనుమతి లేకుండా విమానంలో తీసుకెళ్లనివ్వరు. కాబట్టి ఎంత ఖరీదైన లాప్‌టాప్ అయినా, ఏ కంపెనీదైనా, బ్యాటరీ 99 దగ్గర ఆగిపోతుంది. మనం కొనే ధరలో అయితే 50, 60 దగ్గరే. వాట్-అవర్ లెక్క తేలికే. 50 వాట్-అవర్ల బ్యాటరీ నుంచి 10 వాట్లు లాగితే 5 గంటలు వస్తుంది. 150 వాట్లు లాగితే 20 నిమిషాలు. ఆ 20 నిమిషాలు కూడా మాటవరసకే. ఆ చిన్న బ్యాటరీ నుంచి ఒక్కసారిగా అంత కరెంటు తీయడం కుదరదు గనక ప్లగ్గు పీకగానే లాప్‌టాప్ తనంతట తనే వేగం తగ్గించేసుకుంటుంది. గోడకి గుచ్చి ఉన్నప్పుడు ఒక గేమ్ సెకనుకి 90 ఫ్రేముల (తెర మీద మారే బొమ్మల) మీద ఆడుతుంటే, ప్లగ్గు తీశాక సగానికీ ఇంకా కిందకీ పడిపోవడం మామూలే. 78 వేలు పెట్టి కొన్న బలం ప్లగ్గు పాయింటు దగ్గరే ఉంటుంది. మన సంచిలో వచ్చేది దాని బరువు మాత్రమే.

మరి క్లాసులో నోట్సు రాసుకోవడానికీ పీడీఎఫ్ చదవడానికీ? అప్పుడు గ్రాఫిక్స్ కార్డుని నిద్రపుచ్చి, ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్స్‌తో నడిపే ఏర్పాటు ఉంది. ఎన్విడియా దీన్ని ఆప్టిమస్ పేరుతో 2010లోనే తెచ్చింది. అది సరిగ్గా పనిచేస్తే మూడు, నాలుగు గంటలు వస్తాయి. సెట్టింగుల్లో పొరపాటున కార్డు ఎప్పుడూ మెలకువగా ఉండేలా పెట్టారనుకోండి, రెండు గంటలకే ఎర్ర లైటు. తేలిక లాప్‌టాప్ ఇదే పనికి 6 నుంచి 8 వాట్లు తీసుకుంటుంది. అంటే ఆరేడు గంటలు.

మన వైపు ఈ లెక్క ఇంకాస్త గట్టిగా తగులుతుంది. వేసవి గాలివాన ఒకటి వచ్చిందంటే చెట్టు కొమ్మ తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా ఎన్ని రోజులు చీకట్లో ఉందో అక్కడివాళ్లకి గుర్తే. అంత పెద్ద తుఫాను రోజూ రాదు, నిజమే. కానీ రోజూ వచ్చే రెండు గంటల కోతకైనా ఇంట్లో ఇన్వర్టర్ ఉంటుంది కదా, దాన్నే చూద్దాం. 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు. నష్టాలు పోనూ చేతికి 1200 వస్తుందనుకుందాం. రెండు పాత ఫ్యాన్లు, రెండు లైట్లు కలిసి 170 వాట్లు. ఏడు గంటలు నడుస్తాయి. దానికి తేలిక లాప్‌టాప్ 30 వాట్లు కలిపితే ఆరు గంటలు. గేమింగ్ లాప్‌టాప్‌లో గేమ్ ఆడుతూ 200 వాట్లు కలిపితే మూడు గంటల చిల్లర. అర్ధరాత్రి ఫ్యాన్ ఆగిపోయి ఇంట్లో అందరూ లేచి కూర్చున్నప్పుడు గేమ్ ఆడిన పిల్లాడికి తన తప్పేంటో తనకే తెలియదు.

తేలిక లాప్‌టాపుల్లో ఇప్పుడు చాలావాటికి ఫోన్‌లాగే టైప్-సీ ఛార్జింగ్ ఉంది. 65 వాట్ల పీడీ (టైప్-సీ మీద నడిచే పవర్ డెలివరీ పద్ధతి) ఛార్జర్ ఒకటి ఉంటే ఫోన్‌కీ లాప్‌టాప్‌కీ అదే సరిపోతుంది, అంత సామర్థ్యం ఉన్న పవర్ బ్యాంకుతోనూ ఎక్కించొచ్చు. 180, 240 వాట్ల అడాప్టర్‌కి అలాంటి వెసులుబాటు లేదు. అది పాడైతే పక్క గదిలో అడిగి తెచ్చుకోవడమూ కుదరదు.

ఇంతవరకు చదివి తేలికదే మంచిదని తేల్చుకుని షాపుకి పరిగెత్తితే అక్కడ ఇంకో గొయ్యి ఉంది. నా లెక్కలో మన వైపు పిల్లలు ఎక్కువగా పడేది దీన్లోనే. ‘చవక, తేలిక’ అన్న ఒకే అట్టపెట్టెలో మంచివీ చచ్చువీ కలిసే ఉంటాయి.

ఏఎండీ రైజన్ 5 7520యు, రైజన్ 5 7530యు. రెండు పేర్లకీ ఒక్క అంకె తేడా. షాపులో రెండూ ‘రైజన్ ఫైవ్, సెవెన్ థౌజండ్ సిరీస్’. ఏఎండీ ఆ ఏడువేల సిరీస్‌కి పెట్టుకున్న పద్ధతిలో ఏ తరం డిజైనో చెప్పేది మూడో అంకె. 7520లో మూడో అంకె 2, అంటే జెన్ 2, అది 2019లో వచ్చిన డిజైన్. నాలుగు కోర్లు, అంటే ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు. 7530లో 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. పైగా 7520యు వేసిన లాప్‌టాపుల్లో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు. 8 జీబీతో కొంటే దాని జీవితమంతా 8 జీబీయే. నాలుగైదు వేలు మిగిల్చానని సంబరపడి, రెండో ఏడాదిలో ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (లాప్‌టాప్‌లోనే ఫోన్‌ని నడిపి చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచిన రోజున తల పట్టుకునేది ఈ లాప్‌టాప్ కొన్నవాళ్లే.

ఇంటెల్‌లో దీనికి తిరగేసిన తమాషా ఉంది. ఐ5-1235యులో పది కోర్లు, ఐ5-12450హెచ్‌లో ఎనిమిదే. పది ఎక్కువ కదా అని మొదటిది కొంటారు. మొదటిదాంట్లో ఉన్న పదిలో గట్టివి రెండే, మిగతా ఎనిమిదీ కరెంటు పొదుపు కోసం పెట్టిన చిన్నవి. రెండోదాంట్లో నాలుగు గట్టివి, నాలుగు చిన్నవి, పైగా ఎక్కువ వాట్లు తాగే అనుమతి. బరువైన పని ఎంతసేపు సాగితే అంత తేడా తెలుస్తుంది.

అసలు మంచి బేరం ఇక్కడే దొరుకుతుంది. హెచ్ ప్రాసెసర్ ఉండి, విడి గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాపులు కొన్నేళ్లుగా తేలిక రకంలోనే వస్తున్నాయి. బరువు కిలోన్నర, కిలో ఆరొందలు. ఛార్జర్ 65 వాట్లది. ప్రోగ్రామింగ్ చదివే పిల్లాడికి కావలసిన బలమంతా ఉంటుంది, గేమింగ్ కార్డు తెచ్చే వేడీ బరువూ ఉండవు. బ్యాటరీ ‘యు’ రకం కన్నా గంట తక్కువ రావచ్చు. ఆ గంట వదులుకోవచ్చు.

ర్యామ్ మాత్రం 16 జీబీకి తగ్గొద్దు. ‘ముందు 8తో కొందాం, తర్వాత వేసుకుందాం’ అనేది పాత కాలం సలహా. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎత్తుకుపోతుండడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, తర్వాత వేసుకోవడమే ఖరీదు. ఇంకో సంగతి. విడి కార్డు లేని లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. ఒకే స్లాటులో ఒకే ర్యామ్ ఉంటే దానికి దారి సగమే. రెండు స్లాటుల్లో చెరొకటి ఉంటే దారి రెట్టింపు. ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ ఉన్న ఇంటెల్ లాప్‌టాపుల్లో ఒకే చానెల్ ర్యామ్ ఉంటే ఆ పేరు కూడా కనిపించదు, మామూలు యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపిస్తుంది. అదే చిప్, అదే డబ్బు.

ఇప్పుడు గేమింగ్ వైపు గొయ్యి. కార్డు పేరు చూసి మురిసిపోకూడదు. 4050 అన్న పేరు మీదే 50 వాట్లది ఉంటుంది, 100 వాట్లది ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి గేమ్ నడిపితే అన్నదమ్ముల్లా కూడా అనిపించవు. ఆ వాట్ల సంఖ్యని టీజీపీ అంటారు. కంపెనీ వెబ్‌సైట్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, షాపులో అడిగితే ‘అదంతా ఏం లేదు, సేమ్ కార్డే’ అంటారు. లాప్‌టాప్ కార్డుకీ డెస్క్‌టాప్ కార్డుకీ కూడా పేరు ఒకటే, సరుకు వేరు. ఆర్‌టీఎక్స్ 4070 డెస్క్‌టాప్ కార్డులో 5888 క్యూడా కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు), అదే పేరున్న లాప్‌టాప్ కార్డులో 4608. యూట్యూబ్‌లో డెస్క్‌టాప్ టెస్టు చూసి లాప్‌టాప్ కొంటే మోసపోయామనిపించడానికి కారణం ఇదే. అన్నిటికన్నా నాకు నచ్చనివి గేమింగ్ బొమ్మలతో, ఎర్ర లైట్ల కీబోర్డుతో, లోపల 4 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 2050తో వచ్చే చవక గేమింగ్ లాప్‌టాపులు. గేమింగ్ లాప్‌టాప్ బరువు, గేమింగ్ లాప్‌టాప్ రొద, గేమింగ్ మాత్రం అంతంతే.

అయితే గేమింగ్ లాప్‌టాప్ ఎవరూ కొనకూడదా? నేనే కొనిపించాను. మా వీధి చివర పెళ్లి వీడియోలు తీసే కుర్రాడున్నాడు. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే రాయగడ నుంచి పార్వతీపురం దాకా వాడే. ఒడియా పెళ్లి, తెలుగు పెళ్లి తేడా లేదు. వాడు డావిన్సీ రిజాల్వ్‌లో రంగులు దిద్దుతాడు. ఆ సాఫ్ట్‌వేర్ పనంతా గ్రాఫిక్స్ కార్డు మీదే మోపుతుంది. వాడికి లాప్‌టాప్ టేబుల్ మీద ప్లగ్గు దగ్గరే ఉంటుంది, నెలకి ఒకసారి పెళ్లివారింటికి తీసుకెళ్లి చూపిస్తాడు. గేమింగ్ లాప్‌టాప్ ఇలాంటివాళ్లకే పుట్టింది. అంటే బరువైన పని రోజూ ఉండాలి, చోటు మారడం ఎప్పుడో ఒకసారి కావాలి. ఈ రెండూ కలిస్తే దాన్ని మించింది లేదు.

చదువుకునేవాళ్లలో త్రీడీ డిజైన్, యానిమేషన్ నేర్చుకునేవాళ్లు, భవనాల త్రీడీ నమూనాలు చేసే రెవిట్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడే సివిల్, ఆర్కిటెక్చర్ పిల్లలు ఈ కోవలోకి వస్తారు. మామూలు ఆటోక్యాడ్‌లో టూడీ గీతలకి విడి కార్డు అక్కర్లేదు. మెడికల్, కామర్స్, బీఈడీ పిల్లల గురించి ఆలోచించడమే అనవసరం, తేలికదే. కంప్యూటర్ సైన్స్ పిల్లలు మాత్రం ఒక మాట అంటారు: "మెషిన్ లెర్నింగ్‌కి ఎన్విడియా కార్డు ఉండాలట కదా". ఉండాలి, ఎందుకంటే ఆ రంగంలో సాఫ్ట్‌వేరంతా ఎక్కువగా క్యూడా అనే ఎన్విడియా సొంత సాఫ్ట్‌వేర్ మీదే కట్టారు. కానీ కార్డు మీదుండే 4 జీబీ, 6 జీబీ మెమరీలో నిజంగా పెద్ద మోడల్ ఏదీ పట్టదు. నేర్చుకునే స్థాయి పనికి గూగుల్ కొలాబ్, కాగుల్ అనే సైట్లు నెట్‌లో వాడుకోవడానికి ఉచితంగానే గ్రాఫిక్స్ కార్డులిస్తాయి, వాటికి గంటల పరిమితి ఉంటుంది. నెట్ ఉండాలన్నది వాటితో ఉన్న చిక్కు. ఊళ్లో సిగ్నల్ లేనివాళ్లకి ఇది నిజంగానే చిక్కు.

ఇక గేమ్స్. మొహమాటం లేకుండా అడగండి, వాడు ఆడేవి ఏవి? వాలరంట్ లాంటివైతే మంచి తేలిక లాప్‌టాప్‌లోనే హాయిగా ఆడుకోవచ్చు. జీటీఏ 5 కూడా సెట్టింగులు తగ్గిస్తే నడుస్తుంది. కొత్తగా వచ్చే పెద్ద గేములే కావాలంటే మాత్రం తేలికదాంతో పని నడవదు. అప్పుడు ‘చదువుకోసం’ అని ఇంట్లో చెప్పకుండా గేముల కోసమే అని చెప్పి కొనుక్కోవడం నయం. అప్పుడైనా సరైన వాట్ల కార్డు చూసుకుంటారు.

రిపేరు సంగతి నా సొంత దెబ్బ మీద చెబుతున్నాను. ఆరేడేళ్ల కిందట నేనూ గేమింగ్ లాప్‌టాప్ కొన్నాను. రెండో వేసవిలో ఒక ఫ్యాన్ గరగరమని ఆగిపోయింది. వారంటీ ఉంది, కానీ అది మనమే తీసుకెళ్లి ఇచ్చే రకం వారంటీ. ఇక్కడ సర్వీస్ సెంటర్ లేదు. పొద్దున్నే రైలెక్కి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ వెళ్లి ఇచ్చి రావడం, పార్టు వచ్చిందని ఫోన్ వస్తే మళ్లీ వెళ్లి తెచ్చుకోవడం. రెండోసారి వెళ్తే వచ్చింది వేరే మోడల్ ఫ్యాన్. మూడో ప్రయాణం కూడా అయ్యింది. అందుకే ఇప్పుడు ఎవరడిగినా ముందు ఒకటే చెబుతాను: కొనేముందు మీ పిన్‌కోడుకి ఇంటికొచ్చి బాగుచేసే ఆన్‌సైట్ సర్వీస్ ఉందో లేదో కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి. షాపువాడి మాట కాదు, కంపెనీ మాట. ఎక్కువ వేడెక్కే యంత్రంలో ఫ్యాన్లు, చిప్ వేడిని లాగే పేస్టు, దుమ్ము పని ఎక్కువే ఉంటుంది కాబట్టి ఈ ప్రశ్న గేమింగ్ లాప్‌టాప్ కొనేవాళ్లకి మరీ ముఖ్యం.

విశాఖలోనో పార్వతీపురంలోనో కొంటే టాక్స్ తక్కువ పడుతుందని ఇప్పటికీ కొందరి నమ్మకం. 2017 జులైకి ముందు ఏ రాష్ట్రం వ్యాట్ ఆ రాష్ట్రానిది. జీఎస్‌టీ వచ్చాక లాప్‌టాప్ మీద 18 శాతం, ఒడిశాలోనైనా ఆంధ్రాలోనైనా అంతే. ధరలో తేడా ఉంటే అది షాపువాడి డిస్కౌంటు. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి, అది లేకుండా వారంటీ గొడవలో నిలబడలేరు.

చేతిలో ముప్పై వేలే ఉంటే కొత్త చవక లాప్‌టాప్ కన్నా ఆఫీసుల్లో వాడి అమ్మేసిన బిజినెస్ మోడల్, రీఫర్బిష్డ్‌ది (బాగుచేసి మళ్లీ అమ్మేది), నయమనిపిస్తుంది నాకు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతదై ఉండాలి. అంతకు ముందు వాటిలో చాలావరకు విండోస్ 11కి అర్హత లేదు, విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. బ్యాటరీ ఎంత అరిగిందో మాత్రం అక్కడే చూడాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టి బ్యాటరీ రిపోర్టు తీస్తే మొదట ఎంత పట్టేది, ఇప్పుడెంత పడుతోంది రెండూ కనిపిస్తాయి. అది తీయనివ్వని షాపులో కొనకండి.

మా మేనల్లుడికి ఇదంతా ఫోన్లో రెండు సాయంత్రాలు చెప్పాను. మొదటి సాయంత్రం వాడికి నచ్చలేదు. స్నేహితుడు గేమింగ్‌ది కొన్నాడట. రెండో సాయంత్రం వాళ్ల నాన్న ఫోన్ లాక్కుని "బావా, నువ్వే తేల్చు" అన్నాడు. చివరికి హెచ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, విడి కార్డు లేనిది, 57 వేలకి వచ్చింది. మజ్జిగౌరమ్మ గుడిలో పెట్టి, బొట్టు పెట్టి, గుణుపురం బస్సెక్కాడు.

నెల తిరక్కుండానే ఫోన్ చేశాడు. గదిలో నలుగురు పిల్లలు, ప్లగ్గు పాయింట్లు రెండు. గేమింగ్ లాప్‌టాప్ ఉన్న స్నేహితుడు ఒక పాయింటు పక్కనే మంచం వేసుకుని ఆ ఇటుకంత అడాప్టర్‌ని ఎప్పుడూ తగిలించే ఉంచుతాడట. ఇంకోదాంట్లో మిగతా ముగ్గురూ వంతులవారీగా. "నాది పొద్దున్న ఒకసారి పెడితే సాయంత్రం దాకా వస్తోంది మావయ్యా, వాళ్లకే టెన్షన్" అన్నాడు. వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు. లాప్‌టాప్‌లో 8 జీబీ బోర్డుకి అతికించి, 8 జీబీ స్లాటులో ఉందట. స్లాటులోది తీసేసి 16 జీబీది వేస్తే ఎలాగుంటది అని. ఇప్పుడున్న ధరకి వద్దురా, టాస్క్ మేనేజర్‌లో మెమరీ గీత రోజూ పైకి తగులుతుంటే అప్పుడు అడుగు అన్నాను.